ఎడమపక్క ఖాళీ గది

టెస్సా పెనింగర్ గోళ్ల కింద తండ్రి నెత్తురు ఎండి నల్లబడింది. లాకప్పులో ఇచ్చిన సబ్బుబిళ్ల సగం అరిగేదాకా రుద్దినా వదల్లేదు. ఆ చేతుల్ని ఒళ్లో దాచుకుని, బల్ల అవతల కూర్చున్న రమోనా ట్రుహియో మొహంలోకి సూటిగా చూసింది.

"మీరు కూడా నేనే చంపాననుకుంటున్నారా ఆంటీ?"

"అనుకుంటే పొద్దున్నే టిఫిన్ కూడా మానుకుని ఇక్కడికెందుకొస్తానే? ఆ ఏడుపు కాసేపు ఆపు. శనివారం మీ నాన్నతో దేనికి గొడవపడ్డావో చెప్పు. వీధి చివరిదాకా వినపడిందట."

టెస్సా తలుపు వైపు చూసింది. బయట గార్డు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"సార్జెంట్ కిట్రెల్‌కి చెప్పనంటేనే చెప్తాను."

"వాడికి నేను గుడ్ మార్నింగే చెప్పను. ఇదెందుకు చెప్తాను?"

అందులో అబద్ధం లేదు. రమోనా కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసు డిటెక్టివ్. వేడ్ కిట్రెల్ షెరీఫ్ మనిషి. ఒక కేసులో ఇద్దరూ వేలు పెట్టారంటే కాల్డెరా కౌంటీలో హంతకుడి సంగతి తర్వాత, ముందు వీళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చంపుకోకుండా చూడాలని ఆఫీసు గుమాస్తాలు నవ్వుకునేవాళ్లు.

టెస్సా గొంతు తగ్గించింది. "పోయినేడాది చలికాలం ముందు ఒకాయన నాన్న దగ్గర తన రివాల్వర్‌కి బ్యారెల్ మార్పించుకున్నాడు. పాతది నిక్షేపంలా ఉందట. బాగున్నదాన్ని ఎందుకు మార్పిస్తున్నాడో నాన్నకి అప్పుడు తట్టలేదు. మా నాన్న ఏదీ పారెయ్యడని మీకు తెలుసుగా. అరిగిన స్ప్రింగు కూడా మేకుకి తగిలిస్తాడు. ఆ తర్వాతే ఎండువాగులో ఇంజనీరు శవం బయటపడింది."

రమోనా వెన్ను నిటారుగా అయింది. బోరుబావుల సర్వేకి వచ్చిన ఆ ఇంజనీరుని ఎవరో కాల్చి ఇసుకలో పూడ్చారు. పక్కటెముకలో తూటా చెక్కుచెదరకుండా దొరికింది. అది ఏ తుపాకీదో తేలకే ఆ కేసు మూలపడింది. ఇప్పుడు ఆ తూటామీద పడ్డ గీతల్ని ఆ పాత బ్యారెల్ గొట్టంతో పోల్చి చూస్తే హంతకుడి మెడకి ఉరి సిద్ధం.

"ఎవరతను?"

"పేరు చెప్పలేదు. చెప్తే నువ్వూ పోతావన్నాడు. బ్యారెల్ మాత్రం నా చేతిలో పెట్టి దాచమన్నాడు. పోలీసులకిచ్చెయ్ నాన్నా అన్నాను. ఇస్తే సాయంత్రానికల్లా వాడి చెవిన పడుతుందన్నాడు. అదీ గొడవ." టెస్సా తన గోళ్ల వైపు చూసుకుంది. "నీ మొండితనంతో నువ్వు చావు అని తలుపు విసిరి వచ్చేశాను ఆంటీ. మళ్లీ వెళ్లేసరికి నేలమీద పడున్నాడు. లేపి ఒళ్లో పెట్టుకున్నాను. ఒళ్లు వెచ్చగానే ఉంది..."

టెస్సా తండ్రి ఆర్లిస్ పెనింగర్ రమోనాకి కూడా పరాయివాడు కాదు. ఆమె నడుముకి వేలాడే రివాల్వర్ ఆయన చేతి పనే. ట్రిగ్గర్‌ని వెన్నలా చేసి, ఆమె అరచేయి కొలత తీసుకుని దుప్పికొమ్ముతో పిడి చెక్కి ఇచ్చాడు.

"ఇప్పుడా బ్యారెల్ ఎక్కడుంది?"

"కోర్టులో జడ్జి అడిగితే చెప్తాను. మీకు చెప్తే మీకూ నా గతే పడుతుంది."

తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది! రమోనా లేచి నిలబడింది. రేపు పొద్దున కిట్రెల్ హత్యానేరం మోపుతాడు. మోపాడా, ఇక బెయిలు కూడా దొరకదు. ఆ పిల్ల తండ్రిని పాతిపెట్టడానికి కూడా వెళ్లే వీలుండదు.

"నిన్ను బయటికి తీసుకొస్తాను టెస్సా. నా మాట నమ్ము."

"నమ్ముతాను ఆంటీ," అంది టెస్సా, నమ్మడం తప్ప ఇంకేమీ చేతిలో లేనట్టుగా.

*

ఆర్లిస్ షాపు ఆయన ఇంటి పెరట్లోనే ఉంది. మధ్యాహ్నం రమోనా వెళ్లేసరికి కిట్రెల్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆరడుగుల మనిషి, ఎర్రటి మెడ, ఎప్పుడూ ఏదో నములుతున్న దవడ.

"రండి మేడమ్ గారూ! పచ్చిమిరపకాయ బురీటో తిని తీరిగ్గా వస్తారేమో అనుకున్నా."

"నిన్ను చూడాలనేసరికి ఆకలి చచ్చిపోయింది సార్జెంట్. పక్కకి జరుగు."

లోపల నేలమీద నల్లటి మరక. దానిమీద ఈగలు. దాటుకుని వెళ్లి చుట్టూ చూసింది. లేతు యంత్రం, బెంచీకి బిగించిన ఇనుప పట్టుడు, గోడనిండా మేకులకి వేలాడే పాత విడిభాగాలు. ఒక మూల మాత్రం బీభత్సంగా ఉంది. పాత బ్యారెల్స్ పెట్టుకునే చెక్క అర మొత్తం బోర్లించి ఉంది. బ్యారెల్స్ నేలంతా దొర్లిపోయాయి.

"ఇదేమిటి?"

"పెనుగులాట," అన్నాడు కిట్రెల్. "తండ్రీకూతుళ్లు కలబడ్డారు. పిల్ల గోడకున్న ఆయన రివాల్వరే తీసుకుని గుండెలో కాల్చింది. తూటా ఒంట్లోంచి దూసుకెళ్లి ఆ రాతిగోడకి తగిలి అప్పడమైపోయింది. దాన్ని దేంతోనూ పోల్చలేం. తర్వాత తుపాకీ తండ్రి చేతిలో పెట్టి ఆత్మహత్యలా అమర్చింది. చొక్కా కాలలేదని, అంటే దూరం నుంచి కాల్చారని, నాకు తెలీదనుకుంది పాపం."

"కాల్చింది దూరం నుంచే. అమర్చిందీ నిజమే. రెండూ సరిగ్గా పట్టావు."

మెచ్చుకోలు ఊహించని కిట్రెల్ నమలడం ఆపాడు. "మరి?"

"మనిషి దగ్గరే పప్పులో కాలేశావు. ఆర్లిస్ చేతిలో దొరికిన రివాల్వర్ ఫోటోలు నీ ఫోన్‌లో ఉన్నాయిగా. తూటాలు తియ్యకముందు తీసినవి. చూపించు."

అతను అయిష్టంగానే ఫోన్ ఇచ్చాడు. రమోనా సిలిండర్ ఉన్న ఫోటోని పెద్దది చేసింది.

"నీ పిస్టల్‌లో తూటాలు ఎలా పెడతావు?"

"మ్యాగజీన్ తోస్తా. అయిపోయె."

"ఈ పాతకాలపు రివాల్వర్లకి ఒక పద్ధతుంది. సిలిండర్‌లో ఆరు గదులుంటాయి. ఒంటిమీద పెట్టుకు తిరిగేవాళ్లెవరూ ఆరూ నింపరు. ఐదే. తూటాని కొట్టే హామర్ ఆనే గది ఖాళీగా వదిలేస్తారు."

"ఎందుకూ, పిసినారితనమా?"

"హామర్ కింద తూటా ఉంటే తుపాకీ చేజారి కిందపడ్డా చాలు, పేలిపోతుంది. ఈ చుట్టుపక్కల కుంటివాళ్లని అడుగు, సగంమంది అదే కథ చెప్తారు." రమోనా తన రివాల్వర్ తీసి గాల్లో పట్టుకుంది. "ఇప్పుడు చూడు. హామర్ వెనక్కి లాగితే సిలిండర్ ఒక గది కుడికి తిరుగుతుంది. ఖాళీ గది కుడిపక్కకి పోతుంది, మొదటి తూటా హామర్ కిందికొస్తుంది. పేల్చావు. ఇప్పుడు హామర్ కింద ఏముంటుంది?"

"పేలిన తూటా తొడుగు."

"దాని పక్కన?"

"కుడిపక్కన ఖాళీ గది. సరే, అయితే?"

రమోనా ఫోన్ అతని ముక్కు కిందికి తోసింది. "ఇందులో ఎటుంది?"

కిట్రెల్ చూశాడు. కళ్లు చిట్లించి మళ్లీ చూశాడు.

"ఎడమ," అన్నాడు నెమ్మదిగా.

"ఆ సిలిండర్ అలా రావడానికి వీల్లేదు. ఆర్లిస్ రివాల్వర్ ఆ రోజు పేలనేలేదు. హంతకుడు తన తుపాకీతో కాల్చాడు. తర్వాత గోడకున్న ఆర్లిస్ రివాల్వర్ తీసి నాలుగు తూటాలు నింపాడు, తన పేలిన తొడుగు తెచ్చి హామర్ కింద పెట్టాడు, ఒక గది ఖాళీ వదిలాడు."

"కంగారులో టెస్సా తారుమారు చేసిందేమో!"

"టెస్సాకి పాలపళ్లు ఊడకముందే ఈ తుపాకులు చేతికొచ్చాయి. నిద్రలో కూడా తప్పు చెయ్యదు. ఇంకోలా ఆలోచించు. ఏమీ తెలియనివాడైతే ఆరూ నింపేవాడు. తెలిసినవాడైతే ఖాళీ గదిని కుడిపక్కన ఉంచేవాడు. ఐదు తూటాల పద్ధతి ఒంటబట్టి, ఖాళీ గది ఎడమకే పోతుందని అనుకునేవాడు ఎలాంటివాడై ఉండాలి?"

కిట్రెల్ దవడ కదలడం ఆగిపోయింది. "వాడి సిలిండర్ ఎడమకి తిరగాలి."

"అబ్బ! బుర్ర పనిచేస్తోందే!"

"ఎక్కువ సంబరపడకు ట్రుహియో. అలాంటి తుపాకులెక్కడున్నాయి? నేనెప్పుడూ వినలేదు."

"కొట్లో దొరకవు. ఎడమచేతివాటం వాళ్లకి ప్రత్యేకంగా చేసిపెట్టాలి. అద్దంలో బొమ్మలా అన్నీ అటుదిటు మార్చి. చెయ్యగలిగిన చెయ్యి ఈ రాష్ట్రంలో ఒక్కటే ఉండేది." ఆమె గోడమీది మేకుల్ని ఒక్కొక్కటే వెతకడం మొదలుపెట్టింది. ఆర్లిస్ చెడిపోయిన ముక్క కూడా పారెయ్యడు. స్ప్రింగులు, మరలు, విరిగిన పిడులు. లేతు వెనక ఒక మేకుకి గోరంత ఉక్కురేకు వేలాడుతోంది. తూటాలు దోపే చోట మూతలా ఉండే చిన్న తలుపు అది. చెక్కడంలో పగులొచ్చి పక్కన పెట్టేసినట్టున్నాడు. రమోనా దాన్ని తన రివాల్వర్‌కి ఆనించి చూసింది. తన తుపాకీకి తలుపు కుడివైపు. ఇది ఎడమవైపుకి చేసింది.

"చేశాడు. ఎవరికో ఒకరికి చేశాడు," అంది. "వాడు ఇంజనీరుని చంపాక బ్యారెల్ మార్పించుకున్నాడు. మామూలు దొంగైతే తుపాకీని ఏ బావిలోనో పారేసేవాడు. లోకంలో అలాంటిది ఒక్కటే ఉంది కాబట్టి వీడికి చేతులు రాలేదు. ఆ మమకారమే ఆర్లిస్ ప్రాణం తీసింది. ఈ బ్యారెల్స్ అన్నీ బోర్లించింది పాతదాని కోసమే. దొరకలేదు."

"ఏ బ్యారెల్? నాకెవరూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడైనా ఎవరినైనా చెప్పనిచ్చావా?"

కిట్రెల్ మెడ ఇంకా ఎర్రబడింది. ఏదో చెప్పబోయి, నోరు మూసుకున్నాడు. ఇబ్బందిగా కిటికీ వైపు చూశాడు. అప్పుడే గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

"లోపలికి రావచ్చా?"

లోవెల్ హాస్కిన్స్. ఇరవైయేళ్లు కౌంటీ జడ్జిగా చేసి దిగిపోయినా అందరికీ ఇంకా జడ్జిగారే. తెల్లమీసం, నల్లకోటు, చేతిలో టోపీ. కొండకింద రెండువేల ఎకరాలు, వాటికి నీళ్లు చాలక పదేళ్లుగా బావుల తగాదా. కోటు అంచు కింద ఎడమ తుంటిమీద రివాల్వర్ ఒర వేలాడుతోంది.

ఎడమ తుంటిమీద. రమోనా ఉక్కురేకుని చప్పుడు కాకుండా జేబులో వేసుకుంది.

"రండి జడ్జిగారూ," కిట్రెల్ స్కూలుపిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు. "మీరు... అంతా సవ్యంగానే జరిగిందాండీ?"

"సవ్యంగానే బాబూ. నీ మేలు మర్చిపోను." జడ్జి నేలమీద మరక వైపు చూసి నిట్టూర్చాడు. "పాపం ఆర్లిస్! నా పాత రైఫిల్ ఒకటి రిపేరుకిచ్చాను. ఉందేమో చూద్దామని వచ్చాను." చూపు మాత్రం బోర్లాపడిన అర మీదికి, అక్కడినుంచి రమోనా మీదికి వెళ్లింది. "ఏమన్నా దొరికిందా అమ్మాయ్?"

"ఇంకా లేదండీ. మీలాంటి అనుభవజ్ఞులు కనిపిస్తే ఒకటి అడగాలనుకుంటున్నాను." రమోనా తన రివాల్వర్‌లోని ఐదు తూటాలూ తీసి చొక్కా జేబులో వేసుకుంది. ఖాళీ తుపాకీని పిడి ముందుకి పెట్టి అందించింది. "దీని ట్రిగ్గర్ ఆర్లిస్ చేసిందే. ఈమధ్య బరువెక్కినట్టుంది. కాస్త చూస్తారా?"

ఆ రివాల్వర్లు పట్టే మనుషుల్లో ఒక మర్యాద ఉంది. ఎదుటివాడు కళ్లముందే ఖాళీచేసి ఇచ్చినా సరే, తుపాకీ చేతికి రాగానే చిన్నతలుపు తెరిచి గదులు చూసుకోనిదే ఇంకో పని చెయ్యరు. తండ్రిని కూడా నమ్మరు ఆ విషయంలో. జడ్జి హాస్కిన్స్ రివాల్వర్ అందుకున్నాడు. హామర్ సగం లాగాడు. బొటనవేలు తలుపు కోసం వెళ్లింది.

ఎడమవైపుకి వెళ్లింది. నున్నటి ఉక్కు మీద జారి, ఆగి, మళ్లీ తడిమింది. అక్కడ తలుపు లేదు.

రెప్పపాటు. ఆ వెంటనే సర్దుకుని తుపాకీని తిప్పి కుడివైపు తెరిచాడు. రమోనా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. కిట్రెల్‌కి ఆ విద్య రాదు. పాఠం అప్పుడే నేర్చుకున్నవాడు కదా, కళ్లు ఇంతింతలు చేసుకుని పైకే అనేశాడు.

"తలుపు అటులేదండీ జడ్జిగారూ!"

జడ్జి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మీసం కింద చిన్న నవ్వు వచ్చింది.

"నీకు పాఠం బాగానే చెప్పింది వేడ్," అన్నాడు.

అంటూనే చేతిలోని రివాల్వర్‌ని రమోనా మొహమ్మీదికి విసిరికొట్టాడు. కిలోకి పైబడ్డ ఉక్కు కనుబొమ మీద తగిలి ఎముక కదిలిపోయింది. ఆమె వెనక్కి పడిపోతుండగా కోటు కింద క్లిక్కుమని హామర్ లాగిన చప్పుడు, ఆ వెంటనే చెవులు పగిలే మోత. కిట్రెల్ పిస్టల్ సగం బయటికి తీసిన చెయ్యి ఎగిరిపడింది. రెండు వేళ్లు లేవు. పిస్టల్ నేలమీద దొర్లింది. అతను ఎద్దులా రంకెవేసి బెంచీ వెనక్కి కూలాడు.

రమోనా పాక్కుంటూ లేతు వెనక్కి దూరింది. రెండో తూటా లేతు ఇనుముని గీరుకుంటూ పోయింది. ఎగిరిన ఉక్కుపెచ్చు ఆమె చెంపని చీల్చింది. నెత్తురు కాలర్‌లోకి కారిపోతోంది. తన రివాల్వర్ ఎక్కడ? అదుగో, బెంచీ కింద, మూరెడు దూరంలో. చెయ్యి చాపింది. మూడో తూటా నేలని తవ్వింది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆ బ్యారెల్ ఇచ్చెయ్ అని మంచిగానే అడిగాను ఆర్లిస్‌ని!" జడ్జి గొంతులో ఆయాసం లేదు, కోపం కూడా లేదు. అడుగులు దగ్గరకొస్తున్నాయి. "వినలేదు. వింటే చేపలు పట్టుకుంటూ ఇంకో పదేళ్లు బతికేవాడు."

"ఆయన నీకు చేతులరిగేలా తుపాకీ చేసిచ్చాడురా దరిద్రుడా!" అని అరిచి, రమోనా చేతికందిన గుండ్రటి సుత్తిని గురిచూసి విసిరింది. అది మోకాలి చిప్ప మీద తగిలింది. చిప్ప పగిలిన చప్పుడు ఆమెకి స్పష్టంగా వినిపించి, కడుపులో చల్లటి తృప్తి కలిగింది. జడ్జి బాధతో మూలిగాడు. నాలుగో తూటా ఇంటికప్పులోకి పోయింది. ఆ సందులో ఆమె రివాల్వర్ లాక్కుంది. వేళ్లు నెత్తుటితో జారిపోతున్నాయి. జేబులోంచి ఒక తూటా తీసి దోపింది. రెండోది దోపింది. మూడోది చేజారి దొర్లిపోయింది.

ఐదో తూటా ఆమె తలపక్కన పట్టుడుకి తగిలి కీచుమంటూ ఎటో పోయింది.

బెంచీ వెనకనుంచి కిట్రెల్ లేచాడు. తెగిన కుడిచేతిని చొక్కాలో దోపుకుని, ఎడమచేత్తో పిస్టల్ పట్టుకున్నాడు. మొహం సున్నంలా పాలిపోయినా గొంతులో గెలిచిన ధీమా ఉంది.

"ఐదు! లెక్కపెట్టాను! నీ తూటాలు అయిపోయాయి జడ్జీ, చేతులెత్తు!"

"కూర్చో కిట్రెల్!" రమోనా గొంతు చించుకుంది. "కూర్చో!"

క్లిక్. ఆరో తూటా అతని బెల్టుకి పైన, కడుపులో దిగింది. కిట్రెల్ ఆశ్చర్యంగా కిందికి చూసుకున్నాడు. తర్వాత మోకాళ్లమీద కూలబడ్డాడు.

"ఒంటిమీద పెట్టుకు తిరిగేవాడు ఐదు వేసుకుంటాడు వేడ్," అన్నాడు జడ్జి తలుపు వైపు కుంటుతూ. "పనిమీద వచ్చినవాడు ఆరూ వేసుకుంటాడు."

రమోనా లేచి కాల్చింది. తూటా గుమ్మాన్ని చీల్చింది. కంట్లో నెత్తురు నిండి ఏమీ కనపడలేదు. తుడుచుకునేసరికి గుమ్మం ఖాళీ.

వెంటపడబోయింది. కిట్రెల్ ఆమె చీలమండ పట్టుకున్నాడు. చచ్చేంత గట్టిగా పట్టుకున్నాడు.

"వదులు! అంబులెన్సుకి చెప్తాను, వదులు!" రమోనా వంగి, మేకుకున్న ఆర్లిస్ తోలు ఏప్రాన్ లాగి అతని కడుపుమీద అదిమింది. అతని భుజమ్మీది రేడియో నొక్కి సాయం పంపమని కేకవేసింది. ఆ ఐదు తూటాల పాఠం చెప్పిందెవరు? తనే. అది నమ్మే కదా పిచ్చివాడు లేచి నిలబడ్డాడు! ఆ ఆలోచన గుండెలో కత్తిలా దిగింది. "నన్ను క్షమించు వేడ్," అంది. అతన్ని ఆ పేరుతో పిలవడం అదే మొదలు.

"అది కాదు... విను," కిట్రెల్ పళ్లమధ్య నెత్తురు నురగ కట్టింది. "పొద్దున నువ్వెళ్లగానే జడ్జి వచ్చాడు. ఛార్జీ ఇంకా పెట్టలేదు కదా, పిల్లకి నేను పూచీ ఉంటా, తండ్రి అంత్యక్రియలైనా చూసుకోనీ అన్నాడు. జాలేసింది. సంతకం పెట్టి వదిలేశాను."

రమోనా చేతులు ఏప్రాన్ మీదే బిగుసుకుపోయాయి. బ్యారెల్ ఎక్కడుందో జడ్జి అడిగితే చెప్తానంది ఆ పిల్ల.

"నీకు చెప్పడానికి నామోషీ అనిపించింది. నువ్వు కోరుకున్నదే చేశానని నవ్వుతావని..." అతను ఊపిరి కోసం పెనుగులాడాడు. "టెస్సా బయటే ఉంది. ఆయన ట్రక్కులో. లోపలికొస్తే నాన్న నెత్తురు చూస్తుందని అందులోనే కూర్చోబెడతానన్నాడు. నువ్వు రాకముందే ఫోన్ చేసి చెప్పాడు. పో. నన్నొదిలేసి పో."

రమోనా పరిగెత్తింది. పెరడు దాటి, ఇంటి పక్కగా, రోడ్డు మీదికి. ట్రక్కు అప్పుడే కదులుతోంది. స్టీరింగు ముందు నల్లకోటు. పక్కన కిటికీలో టెస్సా.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ పెరట్లో తుపాకుల మోత వింటూ పెరిగిన పిల్ల. ఎవరో తుపాకీ పరీక్షిస్తున్నారని జడ్జి ఒక్క మాట అని ఉంటాడు. ఎందుకు నమ్మదు? ఆ చప్పుడు ఆమెకి వంటింట్లో గిన్నెల చప్పుడుతో సమానం. జడ్జి ఎందుకు కుంటుతున్నాడని అడిగినా, ఇనుపముక్క తగిలిందని చెప్పి ఉంటాడు.

"టెస్సా! దిగిపో! దూకెయ్!"

ఇంజను హోరులో ఆ కేక కలిసిపోయింది. రమోనా రివాల్వర్ ఎత్తింది. ఒక్క తూటా మిగిలింది. అద్దంలోంచి జడ్జి ఆమెని చూశాడు కాబోలు, ట్రక్కుని కాస్త ఏటవాలుగా తిప్పాడు. ఇప్పుడు గురికి అడ్డంగా టెస్సా తలే ఉంది.

టెస్సా కూడా ఆమెని చూసింది. కిటికీలోంచి సగం బయటికి వంగి, గాలికి జుట్టు మొహమ్మీద పడుతుంటే తోసుకుంటూ, చెయ్యి ఊపింది. తండ్రి పోయాక ఆ పిల్ల మొహంలో నవ్వు అదే మొదటిసారి.

"థాంక్స్ ఆంటీ!" అని అరిచింది. "అన్నమాట ప్రకారం బయటికి తెచ్చారు!"

ట్రక్కు దుమ్ము లేపుకుంటూ కొండదారి పట్టింది.